ఖాళీ గడిలో నేను కొట్టిన ఏడు

"కంప్యూటర్ ఒప్పుకోవడం లేదండీ" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాంకులో అన్నా, దవాఖానాలో అన్నా, బస్టాండులో రిజర్వేషన్ కిటికీ దగ్గర అన్నా నేను ఊరుకోను. "దానికి ఒప్పుకోవడాలూ మానుకోవడాలూ తెలియవు. మీలో ఎవరు ఒప్పుకోలేదో చెప్పండి, వాళ్ళతోనే మాట్లాడతాను" అంటాను. వరుసలో నా వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఈ విషయంలో కోపం తెచ్చుకునే హక్కు నాకు చాలామంది కంటే ఎక్కువే ఉంది. ఎందుకంటే ఒకప్పుడు సారపాకలో కూర్చుని రోజుకు ఇరవైసార్లు ఆ మాట అన్నదాన్ని నేనే.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్ళవి. మాది టేకులపల్లి దగ్గర. నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. కొత్తగూడెంలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాక, సారపాకలో ఒక లేబర్ కాంట్రాక్టరు ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల కలప యార్డుల్లో లారీల నుంచి వెదురు, జామాయిల్ దుంగలు దింపి పేర్చడానికి కూలీల ముఠాలను పంపడం ఆ కాంట్రాక్టరు పని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని హాజరు చూడడం నా పని. రేకుల కప్పు కింద రెండు గదుల ఆఫీసు. మేనేజర్ సార్ కూర్చునే గదిలో ఫ్యాను తిరిగేది. కంప్యూటర్ ఉన్న గదికి ఏసీ. భద్రాచలం ఎండల్లో మనుషులకు లేని చల్లదనం దానికి ఎందుకో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఏసీలో కూర్చునేది నేనే కదా.

ఆ గదిలోకి రావాలంటే చెప్పులు బయట విడవాలి. దుమ్ము పోతే వైరస్ వస్తుందని మా సార్ గట్టి నమ్మకం. దసరాకు మానిటర్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేవాళ్ళం, దానికి నాకేమీ అభ్యంతరం లేదు. నా అభ్యంతరాలు వేరే. కీబోర్డు మీద ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మినవాడు జీవితంలో ఒక్క పేజీ కూడా టైపు చేసి ఉండడు. కరెంటు పోతే పది నిమిషాలు ఆగుతుందని చెప్పి అమ్మిన యూపీఎస్, మూడు నిమిషాలు పిచుకలా అరిచి ఆరిపోయేది. ఫైలు దాచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ ఒక్క నిమిషంలో నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ఆ రోజుల్లో వచ్చిన వస్తువుల్లో నేను మనసారా మెచ్చుకున్నది ఒక్కటే, నెత్తిన చిన్న టార్చి ఉన్న సెల్‌ఫోను. అది తయారుచేసినవాడు కరెంటు లేని ఊరు చూసిన మనిషి. మిగతావన్నీ కరెంటు పోని ఊళ్ళో కూర్చుని తయారుచేసినవే.

నేను చేరేసరికి ఆఫీసులో ఒక పాత గుమాస్తా ఉండేవాడు, రేపోమాపో పని మానేసే వయసు. ఆయన మస్టరు పుస్తకాన్ని పెన్సిల్‌తో రాసేవాడు. వారమంతా పెన్సిల్, శనివారం సాయంత్రం దాని మీద సిరా. వచ్చినవాడికి గీత, రానివాడికి సున్నా, ఎందుకు రాలేదో తెలియనివాడికి చిన్న చుక్క. ఆ చుక్కలన్నీ శనివారంలోగా ఏదో ఒకటి అయ్యేవి. జ్వరమైతే సెలవు, చావైతే సెలవు, తాగి పడుకుంటే సున్నా. చెప్పకుండా మూడు రోజులు వరుసగా రాకపోతే గేటు పాసు ఆపేయాలని ఒక నియమం అప్పటికే ఉంది. కానీ "చెప్పకుండా" అంటే ఏమిటన్నది ఆయన పెన్సిల్ తేల్చేది. నాకు ఆ పుస్తకాన్ని చూస్తే నవ్వు వచ్చేది. ఇదేం పద్ధతి, రబ్బరుతో తుడిస్తే పోయే హాజరేమిటి అనుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసులో, చేతిలో కంప్యూటర్ సర్టిఫికెట్ ఉన్నప్పుడు, మనకు తెలియనిది ఉండదు.

ఆయన మానేసిన వేసవిలో హాజరు సాఫ్ట్‌వేర్ వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకతను సీడీ పట్టుకుని దిగాడు, మే నెల ఎండలో టై కట్టుకుని. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాలని అతని తొందర. సీడీ ఎక్కించి, "మేడం, ఈ సెట్టింగులు మీరు నింపేయండి" అని టీ తాగడానికి వెళ్ళాడు. తెర మీద వరుసగా గడులు. ఆఫీసు పేరు, షిఫ్టు వేళలు, వారాంతపు సెలవు అన్నీ నింపుకుంటూ వచ్చాను. ఒక గడి దగ్గర ఆగాను. సెలవు ఎన్ని రోజుల ముందు అడగాలి అని ఉంది. మా దగ్గర అలాంటి నియమం లేదు. ఖాళీగా వదిలి ముందుకు పోబోతే గడి ఎర్రబడి నిలబడిపోయింది. సార్‌ను అడుగుదామంటే ఆయన యార్డులో ఉన్నాడు. ఏడు కొట్టాను. గడి తెల్లబడింది, తర్వాతి పేజీ వచ్చింది. సున్నా కొట్టినా వచ్చేదే. కానీ సున్నా అంటే నియమం లేనట్టు, ఆఫీసు అన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా అనిపించింది. అంతే, ఒక్క క్షణం పట్టింది.

ఆ ఏడు అంకె నెల తిరగకుండా శాసనం అయిపోయింది. కాంట్రాక్టరు అది మేనేజర్ పెట్టాడనుకున్నాడు. మేనేజర్ కాంట్రాక్టరు పెట్టించాడనుకున్నాడు. కూలీలు మాత్రం నేరుగా కంప్యూటరే పెట్టిందనుకున్నారు. "ఏడు రోజుల ముందు చెప్పకపోతే కంప్యూటర్ ఒప్పుకోదు" అని నేను గడప లోపలి నుంచి చెప్పేదాన్ని. వాళ్ళు చెప్పులు విడిచి గడప బయట నిలబడి, నా భుజం మీదుగా ఆ పెట్టెను ఒకసారి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. నాతో బేరమాడేవాళ్ళు ఉండొచ్చు గానీ పెట్టెతో ఎవరు ఆడతారు? నిజం చెప్తున్నాను, అది నాకు హాయిగానే ఉండేది.

మా ముఠాలన్నింటిలో వెదురు కట్టల పని బాగా వచ్చిన ముఠా ఒకటుండేది. అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం వాళ్ళు, పన్నెండు మంది. వాళ్ళ మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. ఆశ్రమ పాఠశాలలో అయిదు దాకా చదివాడు కాబట్టి ముఠా తరఫున సంతకాలన్నీ అతనివే. తమలో తాము కోయ మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగు. వాళ్ళు పేర్చిన వెదురు గుట్టను చూస్తే దారం పట్టి పేర్చారా అనిపించేది. యార్డువాళ్ళు ఆ ముఠానే కావాలని అడిగి తీసుకునేవాళ్ళు.

జూన్‌లో మొదటి వాన పడ్డ సాయంత్రం ఆ మేస్త్రీ తలకు తుండు చుట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు.

"మేడం, వాన వడ్డది. ఇత్తనాలేసే ముందటి మా భూమి పండుగ దగ్గరికొచ్చింది. పండుగైనన్ని రోజులు మా గూడెం నుంచి ఎవ్వలం బయటి పనికి రాము. రాసుకోరి."

"ఎప్పుడు పండుగ?" అన్నాను.

"మా పెద్ద చెప్తడు."

"ఎప్పుడు చెప్తాడు?"

"చెప్పినప్పుడే తెలుస్తది. పొద్దుగూకినంక చెప్తే తెల్లారి పండుగ."

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "తారీఖు లేకుండా కంప్యూటర్ తీసుకోదు మేస్త్రీ. అదీ ఏడు రోజుల ముందు చెప్పాలె" అన్నాను.

"గట్లంటే ఎట్ల? ముందుగాల గుమాస్తా సారు రాసుకుంటుండె."

"గుమాస్తా పుస్తకంల రాసుకున్నడు. ఇది పుస్తకం కాదు."

అతను తుండు సర్దుకున్నాడు. "మేము జెప్పినమని యాదుంచుకోరి" అని వెళ్ళాడు. యాదుంచుకునే పని ఇప్పుడు కంప్యూటర్‌ది, నాకెందుకు అనుకుని మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున ఆ పన్నెండు మందీ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజూ రాలేదు. మూడో రోజు సాయంత్రం తెర మీద పన్నెండు పేర్లు ఎర్రబడ్డాయి. రోజూ చేసినట్టే ఆ జాబితా ప్రింటు తీసి గేటు దగ్గర కాపలా మనిషికి పంపాను. చేతులు వాటంతట అవే చేశాయి అంటే నమ్మొద్దు, చూసే చేశాను. పేర్లు చదివాను, పండుగ గుర్తొచ్చింది, అయినా పంపాను.

నాలుగో రోజు పొద్దున వాళ్ళు వచ్చారు. కాపలా మనిషి పాసులు తీసుకుని లోపలికి పోనివ్వలేదు. పన్నెండు మందీ గేటు పక్కన వెదురు కట్టల నీడలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా చూశాను, ఒక్కరూ లేచి వెళ్ళలేదు, ఒక్కరూ గొడవ చేయలేదు. సార్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మాదేం లేదయ్యా, కంప్యూటర్ ఆపేసింది" అన్నాడు. తిరిగొచ్చి నాతో, "పెనుబల్లి దిక్కున ఇంకో ముఠా ఉన్నదట, రేపు పిలిపిద్దాం" అన్నాడు. ఇంకో ముఠా వచ్చిందంటే వీళ్ళ పని శాశ్వతంగా పోయినట్టే. అడవి అంచున పన్నెండు ఇళ్ళకు ఇంకో గేటు లేదు.

ఏదో ఒకటి చేయాలనుకున్నాను. అప్పుడైనా సార్ దగ్గరికి వెళ్ళి ఆ ఏడు సంగతి చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ చెప్తే ఏమవుతుంది? ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా మాటకు ఉన్న విలువంతా నాకు కంప్యూటర్ తెలుసన్న దాని మీదే నిలబడి ఉంది. అది పోతే ఏసీ గదిలో నా కుర్చీ కూడా పోతుందని భయపడ్డాను. అందుకని తెలివితేటలు చూపించాను. తెర కుడివైపు మూలన ఉన్న గడియారం మీద నొక్కి తారీఖును రెండు వారాలు వెనక్కి తిప్పాను. సాఫ్ట్‌వేర్ ఏమీ కనిపెట్టలేదు. అంత గొప్ప సాఫ్ట్‌వేర్‌కు తన గోడ మీద గడియారాన్ని ఎవరో తిప్పారని తెలియదు! పండుగ ఫలానా రోజున అని ముఠా మేస్త్రీ ముందే చెప్పి సెలవు కోరినట్టు దరఖాస్తు ఎక్కించి, ప్రింటు తీసి, తారీఖును మళ్ళీ ముందుకు తెచ్చేశాను. పని అయిపోయింది. దాని మీద మేస్త్రీ సంతకం ఒక్కటి పడి ఫైల్లో చేరితే, ఎర్ర పేర్లను నేను నల్లబరచొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాగితం పట్టుకుని నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. పెన్ను చేతికిచ్చి, "ఇక్కడ సంతకం పెట్టు, మీ పాసులు వస్తయి" అన్నాను. అతను వెంటనే పెట్టలేదు. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తారీఖు దగ్గరికి వచ్చి వేలు ఆపాడు.

"ఏంది బిడ్డా, గిది? మా పెద్ద నోట్లకెళ్ళి మాట రాకముందే, పండుగ ఫలాన రోజని నేను జెప్పిన్నని రాసినవ్."

"ఉత్తిదే. కంప్యూటర్ కోసం రాసిన. ఎవరూ చూడరు."

"నేను జూసిన గద."

"పాసులు కావాల్నా వద్దా?"

"కావాలె. కాని గిట్ల గాదు. పెద్ద జెప్పకముందు పండుగ రోజు నోట వట్టేది మాకు లేదు. గట్ల జేసినోన్ని మా గూడెంల పండుగ కాడ కూసోనియ్యరు. లోపట బువ్వ వెట్టరు." అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, పెన్నుతో సహా నా చేతికిచ్చాడు. "మేము జెప్పకుంట పోలేదు. నీ కాడికొచ్చి జెప్పినం. గంతే రాయి."

పాసు పోతే పోనీ అన్నట్టు అతను మళ్ళీ వెళ్ళి నీడలో కూర్చున్నాడు. ఎండకో, సిగ్గుకో నా ముఖం కాలిపోయింది. అతను చేయని పనికి అతని చేత సంతకం పెట్టించబోయాను, అదీ నేను చేసిన పనిని దాచుకోవడానికి. ఆ సిగ్గు ఇన్నేళ్ళకూ ఆరలేదు, ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆఫీసుకు తిరిగి నడుస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. బాయిలోకి దిగేముందు వాళ్ళు నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాళ్ళు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవాళ్ళు. బోర్డు మీద బిళ్ళ మిగిలి ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని, వెతకమని అర్థం. నాన్న హాజరు అంటే అదీ. మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి. నా హాజరు మాత్రం మనిషి రాలేదని తెలిస్తే గేటు మూసేది. కోర్సులో ఆరు నెలలు నేర్చుకున్నదంతా ఆ ఇత్తడి బిళ్ళ ముందు దండగ అనిపించింది.

సార్ ఫోనులో ఉన్నాడు, పెనుబల్లి ముఠా గురించే. ఆయన పెట్టేదాకా ఎదురుగా నిలబడ్డాను.

"సార్, వాళ్ళను లోపలికి పంపాలె" అన్నాను.

"నాకు మాత్రం పంపాలని లేదా అమ్మా? కంప్యూటర్ ఒప్పుకోవాలె గద. ఏడు రోజుల రూలు."

"ఆ రూలు ఎవరు పెట్టిన్రు సార్?"

"పైనుంచి వచ్చింది."

"పైనుంచి రాలేదు. నేను పెట్టిన. సీడీ ఎక్కించిననాడు గడి ఖాళీగుంటే ముందుకు పోలేదు. మీరు యార్డుల ఉన్నరు. ఏడు కొట్టిన."

సార్ కళ్ళద్దాలు తీశాడు. "ఏడే ఎందుకు?"

"ఏం లేదు సార్. వేలికి అదే తగిలింది."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. నేను చెప్పలేదు. ఇంకొకటి సార్, ఆ మేస్త్రీ వానపడ్డనాడే నా దగ్గరికొచ్చి పండుగ సంగతి చెప్పిండు. నేనే రాసుకోలేదు. వాళ్ళు చెప్పకుండ పోలేదు." మేస్త్రీ మడిచిచ్చిన కాగితాన్ని కూడా ఆయన బల్ల మీద పెట్టి, గడియారం తిప్పిన సంగతీ చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక సగం చెప్పడం నాకు చేతకాదు.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బయటకు, గేటు వైపు చూశాడు. "ఏదో పెద్ద రూలనుకుని నేను ఇందాక పోయి వాళ్ళకు మొఖం మీద చెప్పొచ్చిన" అన్నాడు. తర్వాత, "మార్చు" అన్నాడు.

మార్చడానికి ఎంత సేపు పట్టింది? ఏడు చెరిపి సున్నా కొట్టడానికి పట్టేంత. కానీ ఓకే నొక్కగానే తెర మధ్యలో ఒక పెట్టె లేచింది. "ఆర్ యు ష్యూర్?" అని. నిజంగానే మార్చమంటావా అని అడుగుతోంది! ఏడు కొట్టిన రోజున ఈ ప్రశ్న అడగలేదు. పన్నెండు మంది పాసులు ఆపిన రోజున అడగలేదు. మనుషుల్ని బయటికి తోసేటప్పుడు మాట్లాడని యంత్రం, లోపలికి రానిచ్చేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ గురించి నా అభిప్రాయం ఆ పెట్టె ముందే ఖాయమైంది, ఇరవై ఏళ్ళుగా మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఎస్ నొక్కి, నా దొంగ దరఖాస్తు తీసేసి, పన్నెండు మందికీ పండుగ సెలవు ఎక్కించాను.

మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళి కాపలా మనిషి దగ్గర పాసులు తీసుకున్నాను. ఒక్కొక్కరికీ నా చేతులతోనే ఇచ్చాను. చివర మేస్త్రీ.

"కంప్యూటర్ ఒప్పుకున్నదా బిడ్డా?" అన్నాడు.

"కంప్యూటర్ కాదు మేస్త్రీ. ఆ ఏడు రోజులు పెట్టింది నేనే. ఇప్పుడు తీసేసిన."

అతను పాసును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"నీ చేతులనే ఉండె గద. మరి మొన్న నేనొచ్చి జెప్పిననాడే తియ్యకపోయినవ్?"

అతను జవాబు కోసం ఆగకుండా, తుండు దులుపుకుని తనవాళ్ళ వెనక యార్డులోకి వెళ్ళాడు.

ఆ తర్వాత సెట్టింగుల పాస్‌వర్డు సార్ తన దగ్గర పెట్టుకున్నాడు. నా మీద నమ్మకం పోయి అలా చేశాడు, అది న్యాయమే. అయితే ఆయన దాన్ని వారానికోసారి మర్చిపోయి నన్నే అడిగేవాడు. నా కుర్చీ మాత్రం పోలేదు. అలమారలోంచి పాత గుమాస్తా మస్టరు తీసి, కొత్త పుస్తకానికి అలాగే గళ్ళు కొట్టి, కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. ముందు పెన్సిల్‌తో పుస్తకంలో, శనివారం కంప్యూటర్‌లో. రెండు పనులెందుకని సార్ సణిగేవాడు. తుడుచుకోవడానికి వీలు లేని హాజరు మనుషులు పనిచేసే చోట పనికిరాదని చెప్పాను. ఆ తర్వాత వేరే ఆఫీసుల్లో, వేరే ఊళ్ళలో, ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేర్లు కొన్నవాళ్ళకు కూడా ఇదే చెప్పాను. కొందరు విన్నారు.

మరుసటి ఏడాది జూన్‌లో వాన పడింది. మేస్త్రీ సాయంత్రం గడప దగ్గరికి వచ్చాడు. ఈసారి నేనే లేచి బయటికి వెళ్ళాను. "మా పండుగ దగ్గరికొచ్చింది, రాసుకో బిడ్డా" అన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు. అయిదు రోజుల తర్వాత పొద్దున గేటు దగ్గర అన్ని ముఠాలూ వరుసగా నిలబడ్డాయి, వెదురు కట్టలవాళ్ళు మాత్రం లేరు. రాత్రి వాళ్ళ పెద్ద చెప్పి ఉంటాడు. మస్టరు తెరిచి, పన్నెండు పేర్ల ఎదురుగా పెన్సిల్‌తో పండుగ అని రాసుకున్నాను.